ముందు తలుపు, తర్వాత తాళం

ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్ళు నన్ను మొదట అడిగేది ఒకటే. తాళంచెవి లేకుండా తాళం ఎలా తీయాలి? నేను చెప్పే జవాబు విని సగం మంది మళ్ళీ కనిపించరు. తాళం తీయడం ఈ పనిలో అన్నిటికంటే తేలిక. అది నెమ్మదిగా వేళ్ళకే అలవాటవుతుంది. తీశాక ఆ ఇంట్లో ఏం జరుగుతుందో, దానికి మాత్రం ఏ పనిముట్టూ లేదు.

నేను బందరు కోనేరు సెంటరు దగ్గర ఖాదర్ మేస్త్రి గారి షాపులో పని నేర్చుకున్నాను. మాది దివిసీమ. పేరు దేవసహాయం. బందరు, గుడివాడ, అవనిగడ్డ మధ్య నేను విప్పని పాత తలుపు తాళం లేదని చెప్పుకుంటే గొప్పలు చెప్పుకోవడమే అవుతుంది, కానీ మరీ పెద్ద అబద్ధం కూడా కాదు.

మేకుకు తగిలించిన తాళంచెవి

మాది తాళంకప్పల పని కాదు. పాత బంగళాలకీ, ప్లీడర్ల ఇళ్ళకీ, రైసుమిల్లు ఆఫీసులకీ, చర్చిలకీ తలుపు చెక్క మందంలోనే గొయ్యి తొలిచి, అందులో దూర్చిన ఇత్తడి తాళాలుండేవి. పైకి కనిపించేది తాళంచెవి కన్నం, దానిమీద చిన్న ఇత్తడి మూత, అంతే. తాళంచెవి తిప్పితే తలుపు అంచులోంచి నాలుక బయటికి వచ్చి ఎదుటి చెక్కలో ఉన్న గూట్లో దూరుతుంది. పెట్టె మీద మార్టిస్ లాక్ అని రాసుండేది. మా షాపులో లోతాళం అనేవాళ్ళం.

ఇంటికి లోతాళం ఉందంటే ఆ ఇంటాయన మామూలు మనిషి కాదని ఆ రోజుల్లో లెక్క. అందుకే చాలామంది లోతాళం వేసి, తాళంచెవిని వచ్చేపోయేవాళ్ళకు కనిపించేలా పక్కనే మేకుకు తగిలించేవారు. తాళం ఉన్న సంగతి లోకానికి తెలియాలి కదా మరి. దొంగలు కూడా ఆ మర్యాద గుర్తించి అలాంటి ఇళ్ళకు వెళ్ళేవారు కాదు. వెళ్ళినా, లోపల తాళం తప్ప దాచుకోదగినది ఏమీ ఉండదని వాళ్ళకు తెలుసు.

పసుపు, పెయింటు, కొబ్బరినూనె

తాళం చెడగొట్టేది దొంగలని మీరు అనుకుంటారు. కాదు, భక్తులు. దసరా వచ్చిందంటే హిందువుల ఇళ్ళలో తాళానికి కూడా పూజ చేసేవారు. పసుపూ కుంకుమా అద్ది, చాలదన్నట్టు కన్నంలోకి కూడా కాస్త కూరేవారు. పండగ వెళ్ళిన మర్నాటి నుంచి మా షాపు ముందు జనం. ఆ జనం తగ్గేసరికి క్రిస్మస్ వచ్చేది. మావాళ్ళకు క్రిస్మస్ అంటే గోడలకు సున్నం, తలుపులకు రంగు. రంగు వేసేవాడు తలుపునీ తాళాన్నీ వేరుగా చూడడు. కన్నం మూతకీ, నాలుకకీ, గూటికీ కలిపి ఒకే పూత. దసరా హిందువులూ, క్రిస్మస్ మావాళ్ళూ కలిసి ఒక ముస్లిం మేస్త్రినీ, ఆయన దగ్గర పనిచేసే నన్నూ పోషించారు. మతాల ఐకమత్యం గురించి ఎవరైనా ఉపన్యాసం చెబుతుంటే నాకు ఆ షాపే గుర్తొస్తుంది.

ఇక మిగతా ఏడాదంతా కొబ్బరినూనె చూసుకునేది. తాళం బిగిసిందంటే ఇంట్లో ఆడవాళ్ళు మొదట చేసే పని దీపం నూనో, తలనూనో కన్నంలో పోయడం. రెండు రోజులు హాయిగా తిరుగుతుంది. తర్వాత బందరు ఉప్పుగాలీ, దుమ్మూ ఆ నూనెలో కలిసి బంకలా తయారవుతుంది. మీరు మాత్రం నూనె పోయకండి. పెన్సిలు ముల్లు మెత్తగా నూరి ఆ పొడి వేయండి. ఇత్తడి ఉప్పుగాలికి తట్టుకుంటుంది కానీ లోపలి ఉక్కు స్ప్రింగు తట్టుకోదు. బిగిసిన తాళంచెవిని పట్టకారుతో తిప్పేవాడు నాలుగు రోజుల్లో పని మానేసి వేరే పని చూసుకుంటే అందరికీ మంచిది.

పాతది తీసి కొత్తది వేసేటప్పుడు ఇంకో సంగతి. పాత గొయ్యిలో కొత్త తాళం ఎప్పుడూ సరిగ్గా పట్టదు. టేకు ముక్క చెక్కి సందు పూడ్చాలి, పాత మరమేకుల కన్నాలు మూసి కొత్తవి వేయాలి. గుడివాడలో ఒక ప్లీడరు గారు తాళం కొత్తది కావాలి గానీ తాళంచెవి మాత్రం వాళ్ళ నాన్నగారిదే ఉండాలని పట్టుబట్టారు. నవ్వకండి. లోకంలో చాలామందికి కావాల్సింది అదే.

ఖాదర్ మేస్త్రి గారు

మేస్త్రి గారు సన్నగా, పొడుగ్గా ఉండేవారు. తిట్టేవారు కాదు. తప్పు చేస్తే మన చేతిలో పనిముట్టు తీసుకుని తుడిచి తన జేబులో పెట్టుకునేవారు. ఆ రోజుకి అదే శిక్ష. తిట్లే నయమనిపించేది.

ఆయన నేర్పిన సూత్రాలు రెండే. ఒకటి, ముందు తలుపు చూడు, తర్వాత తాళం చూడు. తాళం చెడిందని పిలిచిన చోట సగం సార్లు చెడేది తాళం కాదు, తలుపు. వానకు ఉబ్బో, మడతబందులు జారో నాలుకా గూడూ ఎదురెదురుగా ఉండవు. అలాంటప్పుడు తాళం మార్చి లాభం లేదు.

రెండోది, తెరిచే ముందు తట్టు. ఇంట్లో ఎవరూ లేరని ఇంటాయన ఒట్టు పెట్టి చెప్పినా సరే, మేస్త్రి గారు తలుపు తట్టి, “లోపల ఎవరైనా ఉన్నారా?” అని అడిగి, కాసేపు ఆగి, అప్పుడే సంచీ విప్పేవారు. జనం నవ్వుకునేవారు. దానికో కారణముంది. ఆయన చిన్నతనంలో బందరులో ఒక అన్నగారు పిలిచి, గది తాళం పడిపోయింది తీయమన్నారట. తీస్తే లోపల తమ్ముడు. ఆస్తి మాట మీద అలిగి తనే తాళం వేసుకుని కూర్చున్నాడు. ఆ తమ్ముడు బయటికి వచ్చి అన్నను వదిలేసి మేస్త్రి గారిని కొట్టాడు. “మూసిన తలుపు వెనక మూసుకున్న మనిషి ఉంటాడు. వాణ్ణి అడక్కుండా తీయకూడదు” అనేవారు. నేను కూడా ఆ అలవాటు చివరిదాకా వదల్లేదు. ఒకచోట మాత్రం తట్టీ అడిగీ కూడా ఏం లాభం లేకపోయింది. ఆ సంగతి చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

పేరు మీద మోకాళ్ళు

దివిసీమలో ఒక ఊరు. పేరు రాయను. రెండు వీధులూ ఇంకా ఉన్నాయి, వాళ్ళ జ్ఞాపకశక్తి కూడా గట్టిది. ఆ ఊరి చర్చికి పాత సున్నపు గచ్చు గుంటలు పడితే, పడమటి వీధి పెద్ద సాల్మన్‌రాజు గారు సొంత డబ్బుతో సిమెంటు గచ్చు చేయించారు. ఆయన కాలువ పనుల కాంట్రాక్టరు. గచ్చు అద్దంలా వచ్చింది. అది ఆరాక, గుమ్మం లోపల తన పేరు చెక్కిన రాయి ఒకటి వేయిస్తానన్నారు.

తూర్పు వీధి పెద్ద దానియేలు మాస్టారు. రిటైరైన హెడ్మాస్టరు, సంఘానికి సెక్రటరీ. దేవుడికి మోకరించడానికి వెళ్ళి సాల్మన్‌రాజు పేరు మీద మోకాళ్ళు పెట్టాలా అని ఆయన అడిగారు. ప్రశ్న సబబైనదే. జవాబు వచ్చేలోగా ఆయన చర్చికి తాళం వేసి తాళంచెవి జేబులో వేసుకున్నారు. మాస్టారు పెడన వెళ్ళిన రోజు చూసి సాల్మన్‌రాజు గారు బందరు నుంచి మా మేస్త్రి గారిని తీసుకెళ్ళి పాత తాళం తీయించి కొత్తది వేయించారు. నేను అప్పుడు ముదినేపల్లిలో వేరే పని మీద ఉన్నాను. కొత్త తాళంచెవులు సాల్మన్‌రాజు గారి మొలతాటికి చేరాయి.

అయినా చర్చి తెరుచుకోలేదు. రాయి వేయనిదే తీయనని ఆయన. ఆ తాళంచెవితో తీస్తే చర్చి గడప తొక్కనని మాస్టారు. తూర్పు వీధి స్కూలు వరండాలో, పడమటి వీధి కాంట్రాక్టరు గారి సిమెంటు గోడౌనులో ఆరాధనలు మొదలుపెట్టాయి. దేవుడు రెండు చోట్లకీ వెళ్ళే ఉంటాడు. చర్చిలో మాత్రం ఆయనకు పని లేకుండా పోయింది. అలా కొన్ని నెలలు గడిచాయి.

మధ్యాహ్నం బస్సు

రెండు వీధుల మూలమీద ప్రకాశం గారి ఇల్లు. అవనిగడ్డలో ఒక ఆఫీసులో అటెండరు. ఎవరితోనూ పేచీ పెట్టుకునే మనిషి కాదు, అందుకని రెండు వీధులకూ అనుమానమే. ఆయన కూతురు సుగుణ బందరులో టీచరు ట్రైనింగు ఒక ఏడు పూర్తి చేసింది, ఇంకో ఏడు ఉంది. ఇంతలో గుడివాడ సంబంధం వచ్చింది. వరుడికి ఉద్యోగం ఉంది, కట్నం మాటెత్తలేదు. వరుడి మేనమామ ఒక్కటే షరతు పెట్టాడు. పెళ్ళి చర్చిలో జరగాలి, పందిట్లో కుదరదు. చర్చి ఉన్న ఊళ్ళో పందిట్లో పెళ్ళంటే ఏదో లోపం ఉందనుకుంటారని ఆయన భయం.

పెళ్ళిరోజుకి పెద్దల మనసు కరుగుతుందని ప్రకాశం గారు ఆశపడ్డారు. కరగకపోతే ఎలా అని మేస్త్రి గారికి కూడా కబురు పెట్టారు. మేస్త్రి గారు మోకాళ్ళ నొప్పులని చెప్పి నన్ను పంపారు. తను వేసిన తాళాన్ని తనే తీయడానికి ఆయన మొహం చెల్లలేదని నాకు తెలుసు. గుడివాడ పెళ్ళివారు వచ్చిన బస్సులోనే నేనూ దిగాను.

చర్చి ముందు ఊరంతా ఉంది. పెళ్ళికూతురు తెల్ల పట్టుచీరలో, మేలిముసుగులో వేపచెట్టు కింద కుర్చీలో కూర్చుని ఉంది. మేనమామ తలుపు వంకా, తాళం వంకా, ప్రకాశం గారి వంకా చూసి, నెమ్మదిగానే అన్నాడు.

“మధ్యాహ్నం బస్సుదాకా చూస్తామండీ. ఆ తర్వాత మా దారి మాది.”

బస్సెక్కి వెళ్ళిపోయిన పెళ్ళివారు తిరిగి రారని అక్కడ అందరికీ తెలుసు. అలా వదిలేసిన పిల్లకు మళ్ళీ సంబంధం రావడమూ కష్టమే. ప్రకాశం గారు ఇద్దరు పెద్దల దగ్గరకీ మార్చి మార్చి వెళ్ళారు. సాల్మన్‌రాజు గారు తాళంచెవి మొలనుంచి విప్పి అందరికీ చూపించి, రాయికి మాస్టారు ఒక్క మాట ఒప్పుకుంటే తనే తీస్తానన్నారు. నా సంచీ చూసి మాత్రం గొంతు మార్చారు.

“నా తాళం మీద చెయ్యి పడిందంటే కేసు పెడతాను బాబూ. ముందే చెబుతున్నా.”

మాస్టారు, ఆ తాళంచెవితో తలుపు తీస్తే తనూ, తనతో సగం ఊరూ పెళ్ళిలో కాలు పెట్టరని చెప్పారు. అంటే తాళంచెవితో తీయకూడదు, తాళం విప్పకూడదు, తలుపు మాత్రం తెరుచుకోవాలి. ప్రకాశం గారు అడకత్తెరలో పోకచెక్కలా నిలబడి నా వంక చూశారు. ఆయన కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి.

లోపల ఎవరైనా ఉన్నారా?

ఏం చేయాలో తోచక అలవాటు ప్రకారం తలుపు తట్టాను. “లోపల ఎవరైనా ఉన్నారా?” అన్నాను. జనం ఫక్కున నవ్వారు. నెలల తరబడి మూసి ఉన్న చర్చిలో ఎవరుంటారు?

కానీ తట్టిన చేతికి తలుపు ఊగింది. ఒక రెక్క కాదు, రెండూ కలిసి ఊగాయి.

ఇక్కడ కొంచెం వివరం చెప్పాలి. రెండు రెక్కల తలుపుకి లోతాళం ఒక రెక్కను రెండో రెక్కకు పట్టి ఉంచుతుంది. రెండో రెక్కను పట్టి ఉంచేవి పైనా కిందా ఉండే బోల్టులు. పై బోల్టు అందదు కాబట్టి ఎవరూ వేయరు. కింద బోల్టు గచ్చులోని కన్నంలోకి దిగాలి. నేను వంగి తలుపు కింద సందులోంచి చూశాను. బోల్టు కిందికి దించే ఉంది. కానీ దిగడానికి కన్నం లేదు. సాల్మన్‌రాజు గారి అద్దంలాంటి గచ్చు దాన్ని పూడ్చేసింది. బోల్టు సిమెంటు మీద కూర్చుని ఉంది, చూసేవాడికి దిగినట్టే కనిపిస్తుంది. గట్టిగా నెడితే రెండు రెక్కలూ కలిసి లోపలికి వెళ్తాయి, జానెడు వెళ్ళేసరికి తాళం నాలుక తనంతట తనే గూట్లోంచి జారిపోతుంది.

అంటే గచ్చు వేసిన రోజు నుంచీ ఆ చర్చికి తాళం పడనేలేదు. మాస్టారు వేసిన తాళమూ పడలేదు, సాల్మన్‌రాజు గారు మార్పించిన తాళమూ పడలేదు. ముందు తలుపు చూడమని నాకు రోజూ చెప్పిన మేస్త్రి గారు, అక్కడికి వెళ్ళి, తాళం చూసి వచ్చేశారు. చెప్పేవి శ్రీరంగనీతులని పెద్దలు ఊరికే అనలేదు.

నాకు మొదట నవ్వొచ్చింది. వెంటనే భయం వేసింది. అందరి ముందూ నెట్టి తెరిస్తే, ఇద్దరు పెద్దలూ ఇన్ని నెలలు తీసి ఉన్న తలుపుకి కాపలా కాశారని ఊరికి తెలుస్తుంది. ఊరు నవ్విందంటే ఆ ఇద్దరూ కలిసిపోయి ప్రకాశం గారి మీద పడతారు. పెళ్ళి అక్కడే ఆగుతుంది. పెద్దమనుషులకు వాళ్ళ తప్పు చూపించినవాణ్ణి వాళ్ళు క్షమించడం నేను ఎక్కడా చూడలేదు.

ఇద్దరినీ పక్కకి పిలిచాను. “తాళంచెవి ముట్టుకోను, తాళం విప్పను, తలుపు తెరుస్తాను. ఎలాగని అడక్కూడదు. ఒప్పుకుంటారా అండీ?” అన్నాను. ఇద్దరూ ఆలోచించారు. తను గెలవకపోయినా అవతలివాడూ గెలవడని ఇద్దరికీ ఒకేసారి తట్టింది. ఒప్పుకున్నారు. నేను పెళ్ళి జరిపించడానికి వచ్చిన పాస్టరు గారి దగ్గరికి వెళ్ళి, తలుపు ముందు ఒక ప్రార్థన చేయమని అడిగాను.

మా పాస్టర్ల ప్రార్థనలు పొట్టిగా ఉండవు. ఆయన ప్రభుత్వం కోసం, వానల కోసం, కాలువ నీళ్ళ కోసం, రోగుల కోసం వరసగా ప్రార్థిస్తున్నారు. ఊరంతా కళ్ళు మూసుకుని తలలు వంచుకుంది. రోగుల దగ్గరకి వచ్చేసరికి నేను రెండు అరచేతులూ ఆనించి నెట్టాను. ఆమెన్ అని కళ్ళు తెరిచేసరికి చర్చి తలుపు బార్లా తెరిచి ఉంది. తాళం నాలుక బయటికి చాపుకుని, వేసిన తాళం వేసినట్టే ఉంది.

ముసలమ్మలు ఏడ్చారు. పాస్టరు గారు అప్పటికప్పుడు దానిమీద ప్రసంగం మార్చుకున్నారు. ఇద్దరు పెద్దలూ ఆ నాలుక వంక చూసి, నా వంక చూసి, లోపలికి నడిచారు. లోపల బెంచీలన్నిటి మీదా మందంగా దుమ్ము. వెనక కిటికీ పక్క బెంచీ ఒక్కటే శుభ్రంగా ఉంది, దాని కింద వేరుశెనగ తొక్కలు. ఉడతలేమో అనుకున్నాను. పెళ్ళి జరిగింది. మధ్యాహ్నం బస్సు పెళ్ళివారు లేకుండా వెళ్ళిపోయింది.

భోజనాలయ్యాక ఇద్దరు పెద్దలకూ చాటుగా సంగతి చెప్పి, గచ్చులో బోల్టుకి కన్నం కొడితే తాళం సరిగ్గా పడుతుందన్నాను. గచ్చుకి కన్నం కొట్టడానికి వీల్లేదని సాల్మన్‌రాజు గారు. కొడితే సాల్మన్‌రాజు తాళం పనిచేస్తుంది కాబట్టి వీల్లేదని మాస్టారు. ఆ ఊరు రెండు వీధులుగా ఏర్పడ్డాక ఇద్దరూ ఒక మాట మీద నిలబడడం అదే మొదలట. రాయిని తర్వాత బయటి గోడలో పెట్టారు. తలుపు తెరిచింది దేవుడు కాబట్టి నాకు కూలి ఇవ్వాలన్న ఊహ ఎవరికీ రాలేదు.

షాపుకి వచ్చి మేస్త్రి గారికి జరిగింది చెప్పాను. ఆయన తన చేతిలో ఉన్న ఉలి తుడిచి తన జేబులోనే పెట్టుకుని, ఆ రోజుకి ఇంటికి వెళ్ళిపోయారు. అప్పట్నుంచి ఆయన ఏ తలుపు కనిపించినా, తన ఇంటి స్నానాలగది తలుపైనా సరే, ముందు రెండు చేతులతో నెట్టి చూసేవారు.

గుడివాడలో

కొన్నేళ్ళు గడిచాయి. నేను సొంతంగా పని పెట్టుకున్నాను. గుడివాడలో ఒక కొత్త ఇంటికి పాత తలుపులు కొని తెచ్చి బిగించారు, వాటికి లోతాళాలు మార్చాలని పిలిచారు. వెళ్తే, వరండాలో కళ్ళజోడు పెట్టుకుని పరీక్ష కాగితాలు దిద్దుతున్న ఆవిడ నన్ను గుర్తుపట్టింది. నేను గుర్తుపట్టలేదు. ఆ రోజు మేలిముసుగు తప్ప మొహం చూడలేదు కదా. ఇద్దరు పిల్లలు పుట్టాక మిగిలిన ఏడు ట్రైనింగు పూర్తిచేసి, అక్కడే స్కూల్లో టీచరుగా చేస్తోంది.

నేను సంచీ విప్పబోతుంటే సుగుణ లేచి వచ్చి, వీధి తలుపు రెండు రెక్కల మీదా అరచేతులు ఆనించి ఒకసారి నెట్టి చూసింది. బోల్టు గట్టిగా ఉంది. నేను నవ్వాను. అయితే ఆ రోజు ప్రార్థనలో కళ్ళు తెరిచి చూశారన్నమాట అన్నాను. అక్కర్లేకపోయింది అంది. చర్చి మూసి ఉన్నన్నాళ్ళూ సెలవులకు వచ్చినప్పుడల్లా మధ్యాహ్నం అందరూ పడుకున్నాక వెళ్ళి తలుపు నెట్టుకుని, వెనక బెంచీ మీద కూర్చుని చదువుకునేదట. ఇంట్లో ఉంటే పెళ్ళి మాటలు, అక్కడైతే పుస్తకం, వేరుశెనక్కాయలు. వచ్చేటప్పుడు రెండు రింగులూ పట్టుకుని ఒకేసారి లాగితే నాలుక మళ్ళీ గూట్లో పడేదట.

మరి ఆ రోజు మీ నాన్నగారు అంత అల్లాడుతుంటే ఒక్క మాట చెప్పలేకపోయారా అని అడిగాను. ఆవిడ ఒకసారి ఇంట్లోకి చూసింది. లోపల ఆవిడ భర్త పిల్లలకు అన్నం పెడుతున్న చప్పుడు వినిపిస్తోంది.

“మా ఆయన మంచివారే అన్నయ్యా, ఆ లోటేమీ లేదు. కానీ మధ్యాహ్నం బస్సు వెళ్ళిపోతే నా చదువు నాకు మిగులుతుందని ఆ రోజు కూర్చుని బస్సు టైము చూసుకుంటున్నాను.”

ఒక ఆడపిల్ల పెళ్ళి నిలబెట్టానని అన్నేళ్ళూ లోలోపల మురిసిపోతూ ఉన్న మనిషిని నేను. ఆవిడ కళ్ళజోడు తీసి చీర చెంగుతో తుడుచుకుని, నవ్వుతూనే అంది.

“మీరు తలుపు తట్టి, లోపల ఎవరైనా ఉన్నారా అని అడిగారు చూడండి. ఊరంతా నవ్వింది గానీ నాకు నవ్వు రాలేదు. నేను బయట ఉన్నాను.”

తాళం బిగించి రెండు తాళంచెవులూ ఆవిడ చేతిలోనే పెట్టాను. ఈ పనిలోకి వచ్చేవాళ్ళకు మేస్త్రి గారి రెండు సూత్రాలూ చెబుతాను, అవి నిజమే. ముందు తలుపు చూడండి, తెరిచే ముందు తట్టండి. తట్టాక మాత్రం ఒకసారి వెనక్కి తిరిగి, బయట నిలబడ్డవాళ్ళ మొహాలు కూడా చూడండి.